మందార ఆకును జల్లెడ చేసేది గొంగళి పురుగు కాదు: రంపపు ఈగలు, వాటి పక్కనే బతికే చిమ్మటలు, పెంకు పురుగులు

మీరు ఒక్క ప్రశ్నగా రాసినా అందులో మూడు ప్రశ్నలు ఉన్నాయి. వర్జీనియాలో మీ పెరట్లో వేసిన చలికి తట్టుకునే మందార మొక్కల ఆకులు జూన్ నెలాఖరుకల్లా ఈనెలు మాత్రమే మిగిలేలా అయిపోయాయనీ, సన్నని ఆకుపచ్చ పురుగులు కనిపిస్తే గొంగళి పురుగులనుకొని బీటీ అనే బాక్టీరియా మందును వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేసినా ఒక్కటీ చావలేదనీ రాశారు. రాత్రి వాకిలి దీపం దగ్గరికి వచ్చే, సీతాకోకచిలుకల్లాంటి చిమ్మటలకూ (ఇంగ్లీషులో మాత్‌లు), పుచ్చిన మొద్దులో కనిపించిన చిన్న పెంకు పురుగులకూ మీ దగ్గరున్న బొమ్మల పుస్తకంలో పేర్లు దొరకడం లేదన్నారు. ఎవరూ పట్టించుకోని ఇలాంటి పురుగులను తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు. మందారంతోనే మొదలుపెడతాను, మిగతా రెండింటికీ దారి అక్కడి నుంచే ఉంది.

మీ మొక్కను తింటున్నది గొంగళి పురుగు కాదు. దాన్ని మందార సాఫ్లై అంటారు. శాస్త్రీయ నామం అటోమసెరా డెసెప్టా. సాఫ్లైని మన వ్యవసాయ పుస్తకాల్లో రంపపు ఈగ అని రాస్తారు. పేరులో ఈగ ఉన్నా ఇది ఈగ కాదు. చీమలు, తేనెటీగలు, కందిరీగలు ఉన్న హైమెనాప్టెరా క్రమానికి చెందిన కీటకం. కందిరీగకు ఉండే సన్నని నడుము దీనికి ఉండదు, కుట్టదు. ఆడ పురుగు పొట్ట చివర రంపం ఆకారంలో పళ్లున్న అవయవం ఉంటుంది. దానితో ఆకును కోసి, ఆ గాటులో గుడ్డు పెడుతుంది. మందార సాఫ్లై తల్లి పురుగు అయిదారు మిల్లీమీటర్లు ఉంటుంది, నల్లగా ఉండి రొమ్ము భాగం మాత్రం నారింజ ఎరుపులో కనిపిస్తుంది. ఆకు అంచుల వెంట కణజాలం లోపల గుడ్లు పెడుతుంది కాబట్టి గుడ్లు మీ కంటపడవు. ఆకు జల్లెడ అయిన తరువాతే విషయం తెలుస్తుంది. ఒక వేసవిలోనే చాలా తరాలు వస్తాయి కనుక జూన్‌లో చూసీచూడనట్టు వదిలేస్తే ఆగస్టుకు మొక్క మోడులా మిగులుతుంది. అయినా కంగారు పడకండి, ఆకులన్నీ పోయినంత మాత్రాన ముదురు మొక్క చావదు. వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

గొంగళి పురుగు కాదని అంత గట్టిగా ఎలా చెబుతున్నానో మీరే చూసి తెలుసుకోవచ్చు. ఒక పురుగును ఆకుతో సహా తెంపి, తెల్ల కాగితం మీద పెట్టి, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో పక్క నుంచి చూడండి. తల వెనుక, రొమ్ము భాగం కింద, కీళ్లతోనూ చివర గోరుతోనూ ఉండే మూడు జతల అసలు కాళ్లు గొంగళి పురుగుకూ రంపపు ఈగ పిల్లపురుగుకూ ఒకేలా ఉంటాయి. తేడా ఆ వెనుకే ఉంది. పొట్ట కింద మెత్తగా, కండగా, కీళ్లు లేకుండా మరికొన్ని జతల కాళ్లు కనిపిస్తాయి. గొంగళి పురుగుకు ఇవి మహా అయితే అయిదు జతలు; అసలు కాళ్లకూ వీటికీ మధ్య రెండు ఖండాలు ఖాళీగా ఉంటాయి. రంపపు ఈగ పిల్లపురుగుకు ఆరు జతలో అంతకంటే ఎక్కువో ఉంటాయి. మధ్యలో ఖాళీగా ఉండేది ఒక్క ఖండమే. గొంగళి పురుగు మెత్తని కాలి అడుగున సూక్ష్మమైన కొక్కేల వరుస ఉంటుంది, అందుకే దాన్ని కొమ్మ మీది నుంచి తీయబోతే గట్టిగా పట్టుకుంటుంది. రంపపు ఈగ పిల్లపురుగుకు ఆ కొక్కేలు లేవు. ఇక తలను చూస్తే, గొంగళి పురుగుకు ఒక్కొక్క పక్కన ఆరు వరకు చిన్న కంటి చుక్కలు వంపు గీతలో ఉంటాయి, రంపపు ఈగ పిల్లపురుగుకు ఒక్కో పక్కన ఒకే ఒక్క నల్లని కన్ను ఉంటుంది. ఆ ఒంటి కంటి చూపును ఒకసారి భూతద్దంలో చూస్తే ఇక ఎప్పటికీ మరిచిపోరు.

ఈ లెక్కకు మినహాయింపులు ఉన్నాయి కాబట్టి అవీ చెప్పాలి. మన ఆముదం చేలల్లోని నామాల పురుగులా నడుము ఎత్తి నేలను కొలుచుకుంటూ నడిచే గొంగళి పురుగులకు మెత్తని కాళ్లు అయిదు జతల కంటే తక్కువ పనిచేస్తాయి. ఆకుల పొరల మధ్య సొరంగాలు తవ్వే రంపపు ఈగలకూ, గోధుమ కాండంలో బతికే వాటికీ మెత్తని కాళ్లు సరిగా కనిపించవు. జాగ్రత్త పడవలసిన మినహాయింపు మరొకటి ఉంది. ఫ్లానెల్ మాత్ కుటుంబపు గొంగళి పురుగులకు ఏడు జతల మెత్తని కాళ్లు ఉంటాయి. వాటిలో రెండు జతలకు కొక్కేలు ఉండవు. అందులో మెగలోపిగీ ఓపర్క్యులారిస్ అనేది దువ్విన పిల్లి బొచ్చులా ముద్దుగా కనిపిస్తుంది కానీ, ఆ బొచ్చు కింద విషపు ముళ్లు ఉంటాయి. మీరుండే వైపు కూడా ఇది కనిపిస్తుంది. బొచ్చు ఉన్న ఏ పురుగునూ పిల్లల చేత పట్టనివ్వకండి.

బీటీ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. తోట మందుల దుకాణాల్లో అమ్మే బీటీలో ఉండేది సాధారణంగా కుర్‌స్టాకి అనే ఉపజాతి బాక్టీరియా. అది తయారుచేసే ప్రోటీన్ స్ఫటికాలు గొంగళి పురుగు పేగులోని క్షార ద్రవంలో కరిగి, పేగు గోడలోని ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కొని, గోడకు రంధ్రాలు పెడతాయి. తాళం చెవి ఆ తాళానికే పట్టినట్టు, ఈ విషం ఆ జాతి పేగులకే పడుతుంది. తేనెటీగలకు అది హాని చేయకపోవడానికీ, తేనెటీగల దూరపు చుట్టమైన రంపపు ఈగను చంపలేకపోవడానికీ కారణం ఇదే. మందు నకిలీదనో పాతబడిందనో దుకాణదారును తప్పుపట్టే ముందు డబ్బా మీది చీటీ చదివితే, గొంగళి పురుగుల కోసం మాత్రమే అని రాసి ఉంటుంది.

చేయవలసినది ఇది. మీవి నాలుగైదు మొక్కలే కనుక ఉదయం పూట ఆకులు తిప్పి చూస్తూ పురుగులను సబ్బు నీళ్ల గిన్నెలో దులపండి. పది రోజులు వరసగా చేస్తే సగం పని అయిపోతుంది. మొక్క మొదట్లో రాలిన ఆకులను ఏరివేయండి, ఎందుకంటే ఎదిగిన పురుగులు అక్కడే గూడు కట్టుకొని కోశస్థ దశలోకి (ప్యూపాగా) వెళతాయి. మందు కొట్టక తప్పదనుకుంటే మొక్కల కోసం తయారుచేసిన కీటక సబ్బు ద్రావణం పురుగు ఒంటికి తగిలేలా ఆకు అడుగున కొట్టాలి. ఆరిపోయాక దానికి శక్తి ఉండదు. స్పైనోసాడ్ అనే పురుగుమందు బాగా పనిచేస్తుంది కానీ, తడిగా ఉన్నంతసేపూ తేనెటీగలకు ప్రమాదం కాబట్టి పువ్వులు ముడుచుకున్న సాయంత్రం తరువాతే వాడాలి. పక్కనే గోంగూరో బెండో ఉంటే, మీరు తినే మొక్క మీద ఆ మందు వాడవచ్చో లేదో చీటీ మీద చూడకుండా వాడవద్దు. ఇంకొక మాట: ఆకుల మీద మెరిసే ఆకుపచ్చ ఒళ్లు, రాగి రంగు రెక్కలు ఉన్న పెంకు పురుగులు కూడా కనిపిస్తే అది వేరే గొడవ. 1916లో న్యూజెర్సీలోని రివర్‌టన్‌లో మొదటిసారి కనిపించి తూర్పు రాష్ట్రాలంతా పాకిన జపనీస్ బీటిల్ అది. అదీ ఆకును జల్లెడే చేస్తుంది, కానీ పగలే ఆకు పైన గుంపుగా కూర్చొని తింటుంది.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివే రోజుల్లో ముల్లంగి మడిలో నేను ఇదే పొరపాటు చేశాను. నల్లగా ముడతలు పడిన పురుగును చూసి లద్దె పురుగు పిల్ల అన్నాను. మా మాస్టారు ఏమీ అనకుండా ఆకు మీది పురుగును పుల్లతో తాకారు. అది చుట్టలా ముడుచుకొని చచ్చినట్టు నేల మీద పడిపోయింది. దాన్ని నా అరచేతిలో పెట్టి కాళ్లు లెక్కపెట్టమన్నారు. ఎనిమిది జతల మెత్తని కాళ్లు. అది ఆవాల రంపపు ఈగ, అథాలియా లూజెన్స్ ప్రాక్సిమా. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ తప్ప మరొకటి పెద్దగా ముట్టదు. పురుగు పేరు తెలుసుకోవాలంటే ముందు అది కూర్చున్న మొక్క పేరు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను, ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో పనిచేస్తూ కూడా రోజూ అదే చేస్తున్నాను. రంపపు ఈగల్లో చాలా వాటికి ఒకే మొక్క, లేదా దాని దగ్గరి చుట్టాలు మాత్రమే ఆహారం. మొక్క తెలిస్తే వెతకవలసిన వందల పేర్లు నాలుగైదుకు తగ్గిపోతాయి.

ఈ పద్ధతితో మీ పేటలోనే చూడగలిగినవి కొన్ని చెబుతాను. డాగ్‌వుడ్ పొదల ఆకుల అడుగున ముగ్గు పిండి చల్లినట్టు తెల్లగా ఉన్న పురుగులు చుట్టుకొని కనిపిస్తే అవి మాక్రెమ్ఫైటస్ టార్సాటస్. అదే పురుగు చివరిసారి కుబుసం విడిచాక పసుపు మీద నల్లమచ్చలతో బయటికి వస్తుంది, రెండూ ఒకటేనంటే ఎవరూ నమ్మరు. శీతాకాలం గడపడానికి ఇది మెత్తబడిన పుచ్చు కర్రలో దూరుతుంది, అది దొరక్కపోతే ఇంటి చెక్కలకూ చిన్న రంధ్రం చేస్తుంది. చెద అనుకొని భయపడి పిలిచిన వాళ్ల ఇళ్లకు నేను చాలాసార్లు వెళ్లాను. వాల్‌నట్, హికరీ చెట్ల ఆకుల కింద దూది పింజల్లా అంటుకొని ఉండేవి ఎరియోకాంపా జగ్లాండిస్ పిల్లపురుగులు. ఆ దూది అంతా అవి స్రవించే మైనమే, వేలితో తాకితే ఊడిపోయి కింద పచ్చని పురుగు బయటపడుతుంది. పైన్ చెట్ల సూదుల మీద గుంపుగా తినే నియోడిప్రియాన్ జాతుల దగ్గరికి చేయి పెడితే, కవాతులో ఆజ్ఞ విన్నట్టు అన్నీ ఒక్కసారి తలలు పైకెత్తి, చెట్టు నుంచి తిని దాచుకున్న జిగురును నోట్లో నుంచి బొట్లుగా కక్కుతాయి. చీమలూ పక్షులూ ఆ జిగురుకు వెనక్కి తగ్గుతాయి. ఎల్మ్ చెట్ల మీద కాస్త పెద్ద పురుగు, లేత పసుపు ఒంటికి వీపు నిడివిన ఒక నల్లని చారతో, ఒంటిని చుట్టలా చుట్టుకొని కనిపిస్తే అది సింబెక్స్ అమెరికానా, ఈ ఖండంలోని రంపపు ఈగల్లో అన్నింటికంటే పెద్దదానిగా పేరున్నది.

ఎల్మ్ చెట్టు దగ్గర మరొకటి తప్పక చూడండి. ఆకు అంచు నుంచి లోపలికి పాము నడిచినట్టు వంకరటింకరగా కొరికిన దారి కనిపిస్తే అది అప్రోసెరాస్ ల్యూకోపోడా పని. ఇది తూర్పు ఆసియాది. 2020లో కెనడాలోని క్యూబెక్‌లో ఒక ప్రకృతి ప్రేమికుడు ఆ వంకర గీతల ఫొటోను, జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టడంతో ఉత్తర అమెరికాకు వచ్చిందని తెలిసింది. 2021లో మీ వర్జీనియాలోనే కనిపించింది. దీనిలో ఆడ పురుగులు మాత్రమే తెలుసు. మగ పురుగుతో పనిలేకుండా గుడ్లు పెడుతుంది కనుక ఒక్కటి చేరినా సంతతి మొదలవుతుంది. ఒక ఖండానికి వచ్చిన కొత్త పురుగును ముందుగా పట్టించింది ప్రభుత్వ తనిఖీ కేంద్రం కాదు, ఆకును శ్రద్ధగా చూసిన ఒక మనిషి. మీ ఫొటోలకు విలువ ఉంటుందా అని సందేహంగా రాశారు కాబట్టి ఇది చెబుతున్నాను.

రంపపు ఈగలన్నీ ఆకులే తింటాయని అనుకోవద్దు. చచ్చిపోతున్న మేపుల్, ఎల్మ్ వంటి చెట్ల మాను మీద ట్రెమెక్స్ కొలంబా అనే పెద్ద పురుగు తన గుడ్లు పెట్టే సూదిని కర్రలోకి దించి, గుడ్డుతో పాటు ఒక శిలీంధ్రాన్నీ నాటుతుంది. ఆ శిలీంధ్రం కర్రను మెత్తబరుస్తుంది, పిల్లపురుగు దాన్ని తొలుచుకుంటూ పెరుగుతుంది. ఆ పిల్లపురుగును వెతుక్కుంటూ మెగారిస్సా అనే కందిరీగ వస్తుంది. ఒంటికంటే పొడవైన, వెంట్రుకలా కనిపించే సూదిని గట్టి కర్రలోకి దించి, సరిగ్గా పురుగు ఉన్న చోటే గుడ్డు పెడుతుంది. ఇవి రెండూ ఒకే మాను మీద పనిచేస్తుండగా ఒక జూన్ మధ్యాహ్నం రెండు గంటలు కదలకుండా నిలబడి చూశాను. ఒరుసస్ అనే చిన్న రంపపు ఈగ కథ ఇంకా వింత: తన బంధువులంతా శాకాహారులై ఉండగా, ఇది స్పర్శశృంగాలతో కర్రను తట్టి, ఆ కంపనాల్ని బట్టి లోపల పెంకు పురుగుల పిల్లలు ఎక్కడున్నాయో పసిగట్టి, వాటిని తన పిల్లలకు ఆహారం చేస్తుంది. నడుము సన్నబడిన కందిరీగలూ తేనెటీగలూ చీమలూ ఇలాంటి పరాన్నజీవి పూర్వికుల నుంచే వచ్చాయని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

ఇక చిమ్మటల సంగతి. మీ పుస్తకంలో పేర్లు దొరకకపోవడం మీ లోపం కాదు. మెక్సికోకు ఉత్తరాన సీతాకోకచిలుకలు ఎనిమిది వందల లోపే ఉంటే, చిమ్మటలు 11,000కు పైగా ఉన్నాయి. ఏ చేతి పుస్తకమూ వాటిలో కొద్ది భాగాన్ని మించి చూపలేదు. రొనాల్డ్ హాడ్జెస్ నాయకత్వంలో 1983లో వచ్చిన జాబితాలో ఒక్కో జాతికి ఒక్కో సంఖ్య ఇచ్చారు, ఇప్పటికీ చిమ్మటలు చూసేవాళ్లు పేరుతో పాటు ఆ హాడ్జెస్ సంఖ్య రాసుకుంటారు. వాకిలి దీపానికి వచ్చే పెద్ద పురుగుల్లో రెక్కకొక గుండ్రని కన్ను ఉన్న పాలిఫీమస్‌ను మీరు చూసే ఉంటారు. అది ఆంతీరియా ప్రజాతికి చెందినది. తెలంగాణలో మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు పురుగు కూడా అదే ప్రజాతి, అందువల్ల మన వాళ్లకు ఇది పరాయి పురుగు కాదు.

కానీ దీపం దగ్గరికి రాని చిమ్మటలే నాకు ఎక్కువ ఇష్టం. మీ పేటలో ఎవరి పెరట్లోనైనా యుక్కా మొక్క ఉంటే, జూన్‌లో దాని తెల్లని పూల గెల విచ్చుకున్న రాత్రి టార్చిలైటు మీద ఎర్ర కాగితం చుట్టి ఒక పువ్వులోకి చూడండి. పువ్వు రంగులోనే ఉన్న చిన్న తెల్ల చిమ్మట, టెజెటిక్యులా యుక్కాసెల్లా, రేకుల మధ్య కూర్చొని ఉంటుంది. ఆడ పురుగు నోటి దగ్గర మరే కీటకానికీ లేని రెండు వంపు తిరిగిన చేతుల్లాంటి అవయవాలు ఉంటాయి. వాటితో కేసరాల మీది జిగురు పుప్పొడిని గీకి, ఉండగా చుట్టి, గడ్డం కింద పెట్టుకొని మరో పువ్వుకు ఎగురుతుంది. అక్కడ ముందు అండాశయాన్ని పొడిచి గుడ్డు పెడుతుంది, తరువాత కీలం పైకి ఎక్కి, తెచ్చిన పుప్పొడిలో కొంత తీసి కీలాగ్రం గుంటలోకి తలతో నెట్టి నెట్టి కూరుతుంది. పువ్వు తేనె కోసం వచ్చి అనుకోకుండా ఒంటికి పుప్పొడి అంటించుకొని పోయే తేనెటీగ పని కాదు ఇది. చేతులారా చేసే పరాగ సంపర్కం. పుట్టే పిల్లలు గింజల్లో కొన్ని తింటాయి, మిగిలినవి మొక్కకు దక్కుతాయి. గుడ్లు మరీ ఎక్కువ పెట్టిన పువ్వును మొక్క తానే రాల్చేస్తుంది కనుక అత్యాశకు పోయిన చిమ్మట పిల్లలు బతకవు. మిస్సోరి రాష్ట్ర కీటక శాస్త్రజ్ఞుడు చార్లెస్ రైలీ 1872లో ఈ సంగతి లోకానికి వివరించారు. దీని పక్కనే ప్రొడాక్సస్ అనే మరో తెల్ల చిమ్మట కూడా కనిపిస్తుంది. పుప్పొడి మోయదు, కాండంలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. రెండింటినీ ఒకే పువ్వు దగ్గర విడదీసి చూడగలిగితే మీరు ఈ విద్యలో చాలా దూరం వచ్చినట్టే.

ఆగ్నేయ రాష్ట్రాల బురద నేలల్లో కీటకాలను పట్టి తినే కలశ మొక్కలు ఉంటాయి. ఎక్సైరా అనే ప్రజాతి చిమ్మటలు మూడు జాతులు ఆ కలశంలోపలే బతుకుతాయి. మిగతా కీటకాలన్నీ జారిపడి చచ్చే గోడ మీద ఇవి తల పైకి పెట్టుకొని నింపాదిగా నడుస్తాయి, పిల్లపురుగు కలశం మూతికి పట్టుదారంతో తెర కట్టి లోపల కూర్చొని గోడను తింటుంది. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ పువ్వులో పగలంతా తల దూర్చి నిద్రపోయే గులాబీ పసుపు రంగుల షీనియా ఫ్లోరిడాను జులైలో మీ దగ్గరే వెతకవచ్చు. పడమటి మైదానాల్లో పుట్టి వేసవికి రాకీ పర్వతాల బండల సందుల్లోకి చేరే యూక్సోవా ఆక్సిలియారిస్ చిమ్మటలను ఎల్లోస్టోన్ ప్రాంతపు గ్రిజ్లీ ఎలుగుబంట్లు రాళ్లు దొర్లించి తింటాయి. ఒక ఎలుగు రోజుకు 40,000 వరకు తినగలదని లెక్క కట్టారు.

మీ మొద్దులోని పెంకు పురుగులను ఫొటో చూడకుండా పేరు పెట్టి చెప్పలేను. అయితే తూర్పు రాష్ట్రాల ఓక్ మొద్దు, ఎర్రగా పుచ్చినదైతే, ఒక పురుగు కోసం తప్పక వెతకమంటాను. మైక్రోమాల్తస్ డెబిలిస్. పాత టెలిఫోన్ స్తంభాల కర్రలో దొరికేది కనుక టెలిఫోన్ స్తంభపు పెంకు పురుగు అన్నారు. పెద్ద పురుగు రెండు మిల్లీమీటర్ల గోధుమరంగు ప్రాణి. జాన్ లారెన్స్ లెకాంట్ 1878లో దీనికి పేరు పెట్టారు. దీని జీవితంలో ముఖ్యమైనదంతా పిల్లపురుగు దశలోనే జరిగిపోతుంది. పెరిగిన పిల్లపురుగు పెద్ద పురుగుగా మారకుండానే, మగ సంపర్కం లేకుండానే, ప్రాణమున్న పిల్లలను కంటుంది. ఆ పిల్లలు మళ్లీ అలాగే. కొన్ని పిల్లపురుగులు మాత్రం ఒకే గుడ్డు పెడతాయి, అది తల్లి ఒంటికే అంటుకొని ఉంటుంది. దాని నుంచి వచ్చే మగ పిల్లపురుగు తల్లి ఒంట్లోకి తల దూర్చి తల్లినే తిని పెరుగుతుంది. హెచ్. ఎస్. బార్బర్ 1913లో ఈ సంగతులు ప్రకటించినప్పుడు పెంకు పురుగుల్లో ఇలాంటిది ఉంటుందని ఎవరూ ఊహించి ఉండలేదు. నేను దీన్ని మొదటిసారి చూసింది వంటచెరకుగా కూడా పనికిరాని ఒక మొద్దులో, గోటితో గీకితే రాలిపోయే కర్రలో, బియ్యపు నూక ముక్కల్లా.

ఇలాంటివి నీళ్ల దగ్గరా, నిప్పు దగ్గరా కూడా ఉన్నాయి. నీళ్లలో తిరిగే బీవర్ అనే జంతువు బొచ్చులో బతికే ప్లాటిసిల్లస్ కాస్టోరిస్‌కు కళ్లూ లేవు, ఎగిరే రెక్కలూ లేవు. 1869లో రాటర్‌డామ్ జంతు ప్రదర్శనశాలలోని అమెరికా బీవర్ల మీద దొరికినప్పుడు దాన్ని ఇంగ్లీషులో ఫ్లీ అనే, ఎగిరి దూకే పరాన్నజీవుల్లో చేర్చారు. అది పెంకు పురుగని 1872లో గుర్తించింది పైన చెప్పిన లెకాంటే. మెలనోఫిలా అనే నల్లని పురుగు కాలుతున్న అడవిని వెతుక్కుంటూ వెళ్లి వేడి మాను మీద గుడ్లు పెడుతుంది, ఒంటి పక్కన ఉండే గుంటలతో పరారుణ కిరణాలను పసిగడుతుంది. 1925లో కాలిఫోర్నియాలోని కోలింగాలో నూనె ట్యాంకు అంటుకున్నప్పుడు, చుట్టుపక్కల అడవి లేకపోయినా ఇవి గుంపులుగా వచ్చి వాలాయి. పశ్చిమ తీరపు ప్లియోకోమాలు, అంటే వాన పెంకు పురుగులు, మన ఆరుద్ర పురుగు తొలకరికి నేల మీదికి వచ్చినట్టు శరదృతువు తొలి వానకు బయటికి వస్తాయి. రెక్కలు లేని ఆడ పురుగు బొరియలోనే ఉండి వాసనతో పిలుస్తుంది, మగవి వానలోనే ఎగురుతూ వెతుకుతాయి. పెద్దయ్యాక అవి ఏమీ తినవు. పదేళ్లకు పైగా కూడా పట్టే వేరు పురుగు దశలో కూడబెట్టిన కొవ్వే ఆ కొద్ది రోజుల ఇంధనం.

ఎక్కడ మొదలుపెట్టాలన్న మీ చివరి ప్రశ్నకు నా సమాధానం, మీ మందారం దగ్గరే. ప్రతి పురుగుకూ నాలుగు ఫొటోలు తీయండి: పై నుంచి ఒకటి, కాళ్లు లెక్కించేలా పక్క నుంచి ఒకటి, తల ఎదురుగా ఒకటి, మొక్క ఆకూ పువ్వూ కనిపించేలా ఒకటి. పక్కన సెంటీమీటరు పట్టీ ఉంచండి. తేదీ, ఊరు, మొక్క పేరు రాసుకోండి. ఐనాచురలిస్ట్‌లో పెట్టేటప్పుడు యంత్రం సూచించిన జాతి పేరును అలాగే ఒప్పుకోకండి. సరిగ్గా తెలియకపోతే రంపపు ఈగ అనో, పెంకు పురుగు అనో ఆపండి, తెలిసినవాళ్లు కిందికి తీసుకెళతారు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం నడిపే బగ్‌గైడ్ అనే కీటకాల ఫొటోల వెబ్‌సైట్‌లో పాత ఫొటోలను మొక్క పేరుతో వెతికితే చాలా దొరుకుతాయి.

ఫొటోతో తేలనివి చాలా ఉంటాయి, ముఖ్యంగా రంపపు ఈగల్లో, ఎందుకంటే శాస్త్రీయ పేర్లు పెద్ద పురుగులకే పెట్టారు, ఏ పిల్లపురుగు ఏ పెద్ద పురుగు అవుతుందో ఇంకా తెలియని జాతులు ఎన్నో ఉన్నాయి. పెంచి చూడడమే దారి. మూతకు రంధ్రాలు పెట్టిన గాజు సీసాలో అడుగున రెండు అంగుళాల తడిపొడి మట్టి, పైన రాలిన ఆకులు వేసి, అదే మొక్క తాజా ఆకుతో పది పురుగులను పెట్టండి. ఆకు రోజూ మార్చండి, తడి ఎక్కువైతే బూజు పట్టి అన్నీ పోతాయి. మందార సాఫ్లై అయితే వేసవిలోనే తల్లి పురుగులు బయటికి వస్తాయి. డాగ్‌వుడ్ పురుగులైతే సీసాలో ఒక పుచ్చు కర్ర ముక్క కూడా ఉంచి, శీతాకాలమంతా వేడి లేని గ్యారేజీలో పెట్టి, నెలకోసారి నాలుగు చుక్కల నీళ్లు చల్లి, మే నెల దాకా ఆగాలి. పది పెడితే పదీ రంపపు ఈగలే రావు. కొన్నింటిలో నుంచి వాటిని లోపలే తిని పెరిగిన సన్నని నడుము కందిరీగలు వస్తాయి. పెంపకం చెడిపోయిందనుకొని వాటిని పారేయవద్దు. ఏ పురుగులో నుంచి ఏ కందిరీగ వచ్చిందో, ఏ మొక్క మీద నుంచి తెచ్చారో చీటీ రాసి మద్యసారంలో ఉంచండి. ఆ పురుగుకు ఆ కందిరీగే శత్రువని అప్పటిదాకా ఎవరూ రాసి ఉండకపోవచ్చు.